హనుక్కాకు ఇంగ్లీషులో ఇన్ని స్పెల్లింగులు ఎందుకు?

ప్రతి డిసెంబరులోనూ ఇంగ్లీషు పత్రికల్లో, గ్రీటింగ్ కార్డుల మీద, దుకాణాల బోర్డుల మీద యూదుల పండుగ పేరు ఒకటి రకరకాలుగా కనిపిస్తుంది. ఒకచోట హెచ్‌తో మొదలవుతుంది, ఇంకోచోట సీహెచ్‌తో. ఒకరు మధ్యలో రెండు కేలు రాస్తారు, మరొకరు ఒక్క కేతో ఆపేస్తారు. చివర హెచ్ ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి ఉండదు. ఆ పండుగ హనుక్కా. ఎనిమిది రాత్రులు దీపాలు వెలిగించే పండుగ. దాని మొదటి దీపం 2025లో డిసెంబరు 14 సాయంత్రం వచ్చింది, 2026లో డిసెంబరు 4 సాయంత్రం వస్తుంది.

ఈ గందరగోళం హనుక్కాతో ఆగదు. యూదుల వారపు విశ్రాంతి దినాన్ని షబ్బాత్ అనేవాళ్లు ఉన్నారు, షబ్బోస్ అనేవాళ్లూ ఉన్నారు. సుక్కోత్, సుక్కోస్ రెండూ ఒకే పండుగ. న్యూయార్క్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లల్ని చదివిస్తున్న తెలుగు కుటుంబాలకు ఇవి స్కూలు క్యాలెండర్‌లోనే ఎదురవుతాయి, ఎందుకంటే యూదుల కొత్త సంవత్సరం రోష్ హషానాకు, ప్రాయశ్చిత్త దినం యోమ్ కిప్పూర్‌కు అక్కడ చాలా స్కూళ్లకు సెలవు. పక్కింటివాళ్లకు శుభాకాంక్షలు పంపేటప్పుడు ఏ స్పెల్లింగ్ రాస్తే తప్పు కాకుండా ఉంటుందన్న సందేహం చాలామందికి వస్తుంది.

నిజానికి ఈ స్పెల్లింగుల్లో దాదాపు ఏదీ అజాగ్రత్త వల్ల పుట్టలేదు. ప్రతి దాని వెనకా ఎవరో తీసుకున్న నిర్ణయం ఉంది. ఏ శబ్దాన్ని కాపాడాలి, ఎవరి ఉచ్చారణను లెక్కలోకి తీసుకోవాలి, చదివేది ఎవరు అన్న మూడు ప్రశ్నలకు వేర్వేరు జవాబులు ఇస్తే వేర్వేరు స్పెల్లింగులు వస్తాయి. ఏ జవాబు నుంచి ఏ స్పెల్లింగ్ వచ్చిందో విడదీసి చూస్తే చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

అనువాదం, అక్షరాల రాత, ఉచ్చారణ రాత

ఒక భాషలోని పేరును మరో లిపిలోకి తేవడానికి మూడు దారులున్నాయి. మొదటిది అనువాదం: అర్థాన్ని తీసుకుని సొంత మాటలో చెప్పడం. రెండోది లిప్యంతరీకరణ: మూలంలో ఉన్న ఒక్కో అక్షరానికి ఒక్కో గుర్తు ఇవ్వడం. చదివినవాడు వెనక్కి వెళ్లి అసలు అక్షరాలను పోల్చుకోగలగాలి. మూడోది ఉచ్చారణ రాత: మూలంలో ఏ అక్షరం ఉందన్నది పక్కనపెట్టి, నోట పలికే శబ్దాన్ని కొత్త లిపిలో దించడం.

తెలుగు బైబిల్ ఈ పండుగల విషయంలో ఎక్కువగా మొదటి దారినే పట్టింది. యోహాను సువార్త 10వ అధ్యాయం 22వ వచనంలో శీతకాలంలో యెరూషలేములో జరుగుతున్నట్టు చెప్పిన ‘ఆలయ ప్రతిష్ఠిత పండుగ’ ఈ హనుక్కాయే. యూదుల ప్రార్థన భాష హీబ్రూలో హనుక్కా అంటే ప్రతిష్ఠ. క్రీస్తుపూర్వం 164లో మక్కబీయులు అనే యూదు తిరుగుబాటుదారులు యెరూషలేము దేవాలయాన్ని సెల్యూకిద్ పాలకుల చేతుల్లోంచి విడిపించి మళ్లీ ప్రతిష్ఠించిన సందర్భం అది. యోమ్ కిప్పూర్ తెలుగులో ప్రాయశ్చిత్తార్థ దినము అయింది. సుక్కోత్ పర్ణశాలల పండుగ అయింది. పస్కా మాత్రం గ్రీకు మీదుగా వచ్చిన మాట.

ఇక్కడ ఒక చక్కని సంగతి ఉంది. సుక్కోత్ అన్న మాట తెలుగు బైబిల్లో ఇంకో చోట అనువాదం కాకుండానే నిలిచింది. ఆదికాండము 33వ అధ్యాయంలో యాకోబు పశువులకు పాకలు వేయించిన చోటికి సుక్కోతు అని పేరు. హీబ్రూలో పండుగ పేరూ ఊరి పేరూ ఒకే మాట. పండుగకు అర్థాన్ని తీసుకున్నారు, ఊరికి శబ్దాన్ని తీసుకున్నారు. ఒకే పుస్తకంలో ఒకే మాటకు రెండు దారులూ పనికొచ్చాయి.

అనువాదం చేస్తే స్పెల్లింగ్ గొడవ ఉండదు. పస్కాను ఇంగ్లీషులో పాసోవర్ అంటారు, ఆ మాటను 16వ శతాబ్దంలో బైబిల్ అనువాదకుడు విలియం టిండేల్ తయారుచేశాడు. అందులో హీబ్రూ అక్షరమేదీ లేదు కాబట్టి అందరూ ఒకేలా రాస్తారు. అదే పండుగను హీబ్రూ పేరుతో పిలవగానే పెసహ్, పెసఖ్ అని చివరి అక్షరం దగ్గర తేడా మొదలవుతుంది.

హనుక్కాలో మొదటి అక్షరం: హేత్

హీబ్రూ లిపి కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. మామూలు రాతలో ఎక్కువగా హల్లులే ఉంటాయి. అచ్చులను తెలపడానికి అక్షరాల కింద, పైన చుక్కలూ గీతలూ పెట్టే పద్ధతి ఒకటి ఉంది, దాన్ని నిక్కుద్ అంటారు. ప్రార్థన పుస్తకాల్లో, పిల్లల పుస్తకాల్లో అది కనిపిస్తుంది, దినపత్రికల్లో కనిపించదు. హనుక్కా అన్న మాటలో వరసగా వచ్చే అక్షరాలు హేత్, నూన్, వావ్, కాఫ్, హే.

గొడవంతా మొదటి అక్షరంతోనే మొదలవుతుంది. హేత్ పాత ఉచ్చారణలో గొంతు లోతుల్లోంచి, కంఠాన్ని బిగించి పలికే ‘హ’. యెమెన్ నుంచి వచ్చిన యూదులు, అరబ్ దేశాల నుంచి వచ్చిన యూదుల్లో పెద్దతరం వాళ్లు ఇప్పటికీ అలా పలుకుతారు. యూరప్ యూదుల నోట అది గరగరమనే శబ్దం అయింది. హైదరాబాద్‌లో ఉర్దూ బాగా మాట్లాడేవాళ్లు ‘ఖబర్’ అన్నప్పుడు మొదట వినిపించే శబ్దానికి అది చాలా దగ్గర. ఇవాళ ఇజ్రాయెల్లో ఎక్కువమంది పలికేదీ అలాగే.

ఇంగ్లీషులో ఈ రెండు శబ్దాలూ లేవు. ఉన్న అక్షరాలతో సర్దుకోవాలి. అందుకు నాలుగు మార్గాలు వాడుకలో ఉన్నాయి.

హెచ్ ఒక్కటే రాస్తే ఎవరైనా తడబడకుండా చదువుతారు. కానీ హీబ్రూలో మామూలు ‘హ’ కోసం హే అనే వేరే అక్షరం ఉంది, ఆ రెంటి మధ్య తేడా చెరిగిపోతుంది. సీహెచ్ రాస్తే ఇది మామూలు ‘హ’ కాదన్న సూచన అందుతుంది. జర్మన్ సంగీతకారుడు బాఖ్ పేరు చివర ఉన్నది ఈ శబ్దమే, జర్మన్ స్పెల్లింగు తెలిసినవాళ్లకు సీహెచ్ సహజంగా తోస్తుంది. తెలియనివాళ్లు మాత్రం ఇంగ్లీషు అలవాటు కొద్దీ ‘చానుకా’ అని చదివేస్తారు. కేహెచ్ రాస్తే ఆ ప్రమాదం లేదు, కానీ పండుగ పేరును అలా రాసే అలవాటు తక్కువ. ఇక నాలుగోది కింద చుక్క పెట్టిన హెచ్. పండితులకు ఇదే ఇష్టం. శబ్దం వేరని చెబుతుంది, అక్షరం ఏదో కూడా చెబుతుంది. టైప్‌రైటర్ మీద అది లేదు, మామూలు కీబోర్డు మీద ఇప్పటికీ లేదు. ఆ ఒక్క కారణం చేతనే అది పరిశోధన పుస్తకాలు దాటి పెద్దగా బయటకు రాలేదు.

సీహెచ్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది. హీబ్రూలో కాఫ్ అనే అక్షరం మధ్యలో చుక్క లేకుండా వస్తే దాన్నీ గరగర శబ్దంతోనే పలుకుతారు. ఇంగ్లీషు బైబిల్ రెంటికీ సీహెచ్ వాడింది. రేచల్‌లో ఉన్నది హేత్, మైకేల్‌లో ఉన్నది చుక్కలేని కాఫ్. ఇంగ్లీషు రాతలో రెండు చోట్లా సీహెచ్, పలకడంలో ఒకటి ‘చ’, ఇంకొకటి ‘క’. తెలుగు బైబిల్ తెరిస్తే రాహేలు, మిఖాయేలు అని ఉంటుంది. ఒకచోట ‘హ’, ఒకచోట ‘ఖ’. హీబ్రూలో వేరుగా ఉన్నవి తెలుగులోనూ వేరుగా నిలిచాయి. అన్నిచోట్లా ఇలా కుదిరిందని కాదు. యెరికో పేరులో ఉన్నదీ హేత్ అక్షరమే, అది తెలుగులో ‘క’ అయిపోయింది. అయినా రాహేలు, మిఖాయేలు పక్కపక్కన పెట్టి చూస్తే అక్షరాల తేడా కాపాడాలనే పండితుల పట్టుదల ఎందుకో వెంటనే అర్థమవుతుంది.

ఊళ్ల పేర్ల విషయంలో ఈ సమస్య ఎప్పుడో తేలిపోయింది. హైఫా, హదేరా, హోలోన్ మూడూ ఇజ్రాయెల్ నగరాలే, మూడూ హేత్‌తోనే మొదలవుతాయి. ఇంగ్లీషులో మూడింటికీ హెచ్ ఒక్కటే స్థిరపడింది. మనుషుల పేర్లు మాత్రం ఎవరి ఇష్టం వాళ్లది. ఇజ్రాయెల్ తొలి అధ్యక్షుడు ఖయిమ్ వైజ్‌మన్ తన పేరు సీహెచ్‌తో రాసుకున్నాడు. అదే పేరు పెట్టుకున్న చాలామంది హెచ్‌తో రాసుకుంటారు. ఆ మనిషి రాసుకున్నదే ఆ మనిషి స్పెల్లింగ్ కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పరు. పండుగ పేరు అందరిదీ కావడం వల్లే ఇంత చర్చ.

రెండు కేలు ఎక్కడి నుంచి వచ్చాయి

నిక్కుద్‌తో రాసినప్పుడు హనుక్కాలోని కాఫ్ మధ్యలో చుక్క ఒకటి ఉంటుంది. ఆ చుక్కను దగేష్ అంటారు. అది ఇక్కడ రెండు పనులు చేస్తుంది. ఈ అక్షరాన్ని ‘ఖ’ అనకుండా ‘క’ అనమని చెబుతుంది. పాత వ్యాకరణం ప్రకారం ఆ ‘క’ను ఒత్తి పలకమని కూడా చెబుతుంది. తెలుగు పాఠకుడికి ఇది వెంటనే బోధపడుతుంది, ఎందుకంటే ‘గద’కూ ‘గద్ద’కూ తేడా ఒత్తులోనే ఉంది. ఇంగ్లీషు మాట లోపల అలాంటి ఒత్తు వినిపించదు. విచిత్రం ఏమిటంటే ఇప్పటి ఇజ్రాయెల్ హీబ్రూలోనూ ఆ ఒత్తు పోయింది. వ్యాకరణంలో ఉంది, నోట్లో లేదు.

అంటే రెండు కేలు రాసేవాళ్లు వ్యాకరణానికి కట్టుబడ్డారు, ఒక కే రాసేవాళ్లు పలుకుబడికి కట్టుబడ్డారు. ఇద్దరి దగ్గరా బలమైన కారణం ఉంది. సుక్కోత్, షబ్బాత్, కిప్పూర్ మూడింటిలోనూ ఇదే దగేష్ ఉంది. షబ్బాత్‌కు రెండు బీలు, కిప్పూర్‌కు రెండు పీలు దాదాపు అందరూ రాస్తారు. హనుక్కా దగ్గరికి వచ్చేసరికే సీహెచ్ వాడేవాళ్లలో చాలామంది ఒక కేతో సరిపెట్టుకుంటారు. హెచ్‌తో మొదలై రెండు కేలున్న రూపానికీ, సీహెచ్‌తో మొదలై ఒక కే ఉన్న రూపానికీ, చివరి హెచ్‌తో కలిపి సరిగ్గా ఎనిమిదేసి ఇంగ్లీషు అక్షరాలున్నాయి, పండుగ రోజులూ ఎనిమిదే. కాకతాళీయమే అయినా గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తుంది.

సమర్థించలేని రూపం ఒకటుంది: రెండు ఎన్‌లు, ఒక కే. నూన్‌లో దగేష్ లేదు, దాన్ని రెట్టింపు చేయడానికి ఏ ఆధారమూ లేదు. ఏదో ఒక అక్షరం రెండుసార్లు వస్తుందని గుర్తుండి, అది ఏదో మరిచిపోయినప్పుడు ఈ స్పెల్లింగ్ వస్తుంది.

చివరి హెచ్, ఒక చిన్న లెక్క

మాట చివర ఉన్న హే అక్షరాన్ని పలకరు. అక్కడ ‘ఆ’ అనే అచ్చు ఉందని తెలపడమే దాని పని. అక్షరానికి అక్షరం రాసేవాళ్లు దాని కోసం చివర హెచ్ పెడతారు, పలుకుబడి చూసేవాళ్లు వదిలేస్తారు. తోరా, సారా అన్న పేర్లకు ఇంగ్లీషులో ఈ మూగ హెచ్ ఎప్పటినుంచో ఉంది. అదే మూగ హే ఉన్న నెతన్యా, హదేరా నగరాల పేర్లకు మామూలుగా రాయరు. న్యూయార్క్ టైమ్స్ పత్రిక హనుక్కా చివర హెచ్ ఉంచుతుంది, రోష్ హషానా చివర తీసేస్తుంది. రెండు పేర్లలోనూ హీబ్రూ అక్షరం ఒకటే. ఇలాంటి చోట నియమం కన్నా అలవాటు గట్టిదని ఒప్పుకోవాల్సి వస్తుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. చుక్క పెట్టిన హెచ్‌ను పక్కనపెడితే మొదటి శబ్దానికి మూడు అవకాశాలు: హెచ్, సీహెచ్, కేహెచ్. కే ఒకటా రెండా అన్నది రెండు అవకాశాలు. చివర హెచ్ ఉండటం, లేకపోవడం ఇంకో రెండు. 3×2×2 అంటే 12 రూపాలు. ఏదో ఒక హీబ్రూ కారణం చూపించగలిగినవి ఈ పన్నెండు. ఎన్‌ను రెట్టింపు చేసే పొరపాటునూ కలిపితే 24. సాధారణంగా కనిపించేవి అయిదారే అయినా, లోపల ఉన్న నిర్ణయాలు మూడేనని తెలిస్తే మిగతావన్నీ వాటి కలయికలని గ్రహించవచ్చు.

టీయా, ఎస్సా: ఇది స్పెల్లింగ్ తేడా కాదు, పలుకుబడి తేడా

హనుక్కా గొడవ ఒకే మాటను ఎలా రాయాలన్నది. షబ్బాత్, షబ్బోస్‌ల సంగతి అంతకన్నా లోతైనది. అక్కడ మనుషులు నిజంగానే వేర్వేరుగా పలుకుతారు.

శతాబ్దాల పాటు యూదులు వేర్వేరు దేశాల్లో బతికారు, ప్రార్థనలో హీబ్రూను నిలుపుకున్నారు. జర్మనీ, పోలండ్, రష్యా ప్రాంతాల వాళ్లను అష్కెనజీలు అంటారు. 1492లో స్పెయిన్ నుంచి వెళ్లగొడితే మధ్యధరా తీరమంతా చెదిరిపోయినవాళ్లు, వాళ్ల సంతతి సెఫార్దీలు. యెమెన్ యూదులది ఇంకో సంప్రదాయం. దగేష్ లేని తావ్ అనే అక్షరాన్ని అష్కెనజీలు ‘స’గా, సెఫార్దీలు ‘త’గా, యెమెన్ వాళ్లు ఇంగ్లీషులో ‘థింక్’ అన్నప్పటి శబ్దంలా పలికారు. కమత్స్ అనే అచ్చు గుర్తును సెఫార్దీలు ‘ఆ’ అన్నారు, అష్కెనజీలు ‘ఓ’ వైపు తిప్పారు. షబ్బాత్‌లో ఈ ఇద్దరి తేడాలు రెండూ ఒకేసారి వస్తాయి: బ కింద ఉన్న అచ్చు గుర్తు మారుతుంది, చివరి హల్లూ మారుతుంది. అందుకే షబ్బాత్ ఒకరి నోట, షబ్బోస్ ఇంకొకరి నోట. ఊనిక కూడా మారుతుంది, మొదటివాళ్లు మాట చివర ఒత్తి పలికితే రెండోవాళ్లు మొదట ఒత్తుతారు.

పాత ఇంగ్లీషు పుస్తకాల్లో సుక్కోత్ చివర టీహెచ్ కనిపిస్తుంది. బేత్లెహేము, నజరేతు పేర్లకు ఇంగ్లీషులో టీహెచ్ ఉన్నదీ ఇలాగే. అది యెమెన్ యూదుల నుంచి నేర్చుకున్నది కాదు, గ్రీకు, లాటిన్ పండితుల రాత సంప్రదాయం.

ఎలియెజెర్ బెన్ యెహుదా 1881లో యెరూషలేములో స్థిరపడి హీబ్రూను ఇంటి భాషగా మార్చే ప్రయత్నం మొదలుపెట్టాడు. తరువాతి దశాబ్దాల్లో రూపుదిద్దుకున్న కొత్త హీబ్రూ చాలావరకు సెఫార్దీ పలుకుబడిని తీసుకుంది. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడ్డాక అమెరికాలోని సినగాగులూ (యూదుల ప్రార్థన మందిరాలు) హీబ్రూ స్కూళ్లూ క్రమంగా ఆ వైపు మళ్లాయి. అందుకే సుక్కోత్, షవువోత్, సిమ్హత్ తోరా అన్న టీ రూపాలు ఇప్పుడు పత్రికల్లో ఎక్కువ. కానీ సనాతన అష్కెనజీ ఇళ్లలో ఎస్ పోలేదు. అక్కడ తాతలు ‘గుడ్ షబ్బోస్’ అన్నారు, మనవలూ అదే అంటారు. వాళ్లు ఎస్ రాయడాన్ని పాత తప్పుగా చూసి దిద్దడం సరైన పని కాదు. యూరప్‌లో ఆ పలుకుబడి మాట్లాడిన ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయిన తరువాత, మిగిలిన కుటుంబాలకు ఆ ఒక్క అక్షరం ఎంత విలువైనదో ఊహించడం కష్టం కాదు.

ఇది పరీక్షించి చూడటానికి ఒక తేలికైన మార్గం ఉంది. ఏ పండుగ పేరుకు ఇంగ్లీషులో గొడవ లేదో చూడాలి. పూరీమ్‌కు లేదు, యోమ్ కిప్పూర్‌కు దాదాపు లేదు. ఆ రెండు పేర్లలో హేత్ లేదు, ‘స’గా మారే తావ్ లేదు, ‘ఓ’గా మారే కమత్స్ లేదు, చివర మూగ హే కూడా లేదు. తగాదా పండుగల చుట్టూ లేదు, ఈ నాలుగు గుర్తుల చుట్టూ ఉంది.

ప్రమాణాలు లేకపోలేదు

ఎవరో ఒకరు కూర్చుని నియమం పెట్టవచ్చు కదా అనిపిస్తుంది. పెట్టారు. ఒకరు కాదు, చాలామంది. అమెరికాలో 1975లో ఒక జాతీయ ప్రమాణం వచ్చింది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1984లో ఐఎస్‌వో 259 తెచ్చింది. యెరూషలేములోని హీబ్రూ భాషా అకాడమీ 1950లలో నియమాలు చేసి 2006లో సవరించింది. గ్రంథాలయాలకు వేరే పట్టిక ఉంది. తూర్పు యూరప్ యూదులు ఇళ్లలో మాట్లాడిన యిద్దిష్ భాష కోసం 1925లో విల్నాలో పుట్టి తరువాత న్యూయార్క్‌కు తరలిన యీవో సంస్థ మరో పద్ధతి పెట్టింది. దాని ప్రకారం ఈ పండుగ ‘ఖనికె’, కేహెచ్‌తో మొదలై చివర ఈతో ముగుస్తుంది.

ఇన్ని ఎందుకంటే ఒక్కొక్కటి ఒక్కో పని కోసం పుట్టింది. ఐఎస్‌వో పద్ధతిలో రాసిన దాన్ని చూసి అసలు హీబ్రూ అక్షరాలను తిరిగి రాయగలగాలి, అందుకని అందులో చుక్కలూ గీతలూ ఎక్కువ. అకాడమీకి కావాల్సింది రోడ్డు బోర్డులు, పటాలు. కారు నడుపుతూ చదివేవాడికి చుక్కల అక్షరాలు పనికిరావు. పాత అకాడమీ పద్ధతిలో కోఫ్ అనే అక్షరానికి క్యూ వాడేవారు, అందువల్ల పెతా తిక్వా నగరం కొన్ని బోర్డుల మీద క్యూతో, కొన్నింటి మీద కేతో కనిపించేది. 2006 సవరణలో ఆ క్యూ కేగా మారింది. పాత బోర్డులు ఒక్కరోజులో మారవు కాబట్టి కొన్నాళ్లు రెండూ పక్కపక్కనే ఉంటాయి.

మన సంక్రాంతిని ఇంగ్లీషులో రాసేటప్పుడు ‘తి’ కోసం మనలో చాలామంది టీహెచ్ వాడతాం, ఉత్తరాదివాళ్లు టీ ఒక్కటే రాస్తారు. ‘ట’కూ ‘త’కూ తేడా చూపించాలన్నది మన పట్టింపు, ‘త’కూ ‘థ’కూ తేడా చూపించాలన్నది వాళ్లది. హీబ్రూ ప్రమాణాల మధ్య ఉన్నదీ ఇలాంటి తేడానే.

ఎవరి వాదనలో ఎంత బలం ఉంది

నిఘంటువుల పక్షం వాళ్లు చెప్పేది ఇది: హనుక్కా ఇప్పుడు ఇంగ్లీషు మాట కూడా. ఇంగ్లీషు మాట స్పెల్లింగును ఇంగ్లీషు వాడుకే నిర్ణయిస్తుంది. మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు హెచ్‌తో, రెండు కేలతో ఉన్న రూపాన్ని ముందు పెట్టి మిగతావాటిని ప్రత్యామ్నాయాలుగా చూపుతుంది. వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ రాసేదీ అదే. అమెరికా తపాలా శాఖ 1996లో ఇజ్రాయెల్‌తో కలిసి విడుదల చేసిన స్టాంపు మీద ఉన్నదీ అదే. ఎక్కువమంది ఒకే రూపం రాస్తే వెతకడం తేలిక, పాఠకుడు తడబడడు.

సనాతన వర్గాల్లో, ముఖ్యంగా ప్రపంచమంతా బహిరంగ దీపోత్సవాలు జరిపే ఖబాద్ సంస్థ ప్రచురణల్లో, సీహెచ్ రూపమే వాడుక. వాళ్ల వాదనలోనూ న్యాయం ఉంది. పండుగ చేసుకునేవాళ్లు పలికేది గరగర శబ్దంతో. హెచ్ రాస్తే ఆ శబ్దం రాతలోంచి మాయమవుతుంది, పిల్లలు బడిలో ఇంగ్లీషు రూపాన్ని చదివి ఇంట్లోని మాటను మరిచిపోతారు. దీనికి అవతలివాళ్ల జవాబు: సీహెచ్ కూడా తెలియనివాడి చేత ఆ శబ్దాన్ని పలికించలేదు, ‘చ’ అనిపిస్తుంది. తెలిసినవాడు ఎలా రాసినా సరిగ్గానే పలుకుతాడు.

పండితుల వాదన కచ్చితత్వం గురించి. వాళ్ల పుస్తకాల్లో హేత్‌కూ కాఫ్‌కూ తేడా తెలియకపోతే మాట మూలమే మారిపోతుంది. కాబట్టి వాళ్ల చుక్కలు వాళ్లకు అవసరమే, అవే పుట్టినరోజు కార్డు మీదకు రావాలని వాళ్లలో ఎక్కువమంది అడగరు.

నా దృష్టిలో సమూహం పేరు వచ్చినప్పుడు ఆ సమూహం రాసుకునే రూపానికే మొగ్గు ఉండాలి. ఒక సినగాగు తన కార్యక్రమాన్ని సీహెచ్‌తో ప్రకటిస్తే ఆ పేరును అలాగే ఉంచి, వ్యాసం మిగతా భాగంలో పత్రిక తన పద్ధతి పాటిస్తే ఇద్దరికీ న్యాయం జరుగుతుంది. తెలుగు లిపిలో రాసేటప్పుడు మనకు సగం గొడవ తప్పుతుంది. ‘హనుక్కా’ అని రాస్తే దగేష్ ఒత్తు నిలుస్తుంది, చివరి దీర్ఘం నిలుస్తుంది, మూగ అక్షరం బెడద ఉండదు. హేత్ ఒక్కటే మనకూ కొరుకుడుపడనిది. ఈ పండుగలు తెలుగువాళ్లకు పూర్తిగా బయటివేమీ కావు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిం అనే చిన్న సమూహం తెలుగే మాతృభాషగా యూదు ఆచారాలు పాటిస్తోంది.

స్పెల్లింగ్ బీలో తలెత్తిన ఇలాంటి ప్రశ్న

2013లో అమెరికా జాతీయ స్పెల్లింగ్ బీ పోటీలో హైదరాబాద్ మూలాలున్న న్యూయార్క్ కుర్రాడు అరవింద్ మహంకాళి గెలిచాడు. అంతకు ముందు రెండేళ్లూ జర్మన్ మూలమున్న మాటల దగ్గర తడబడి మూడో స్థానంలో ఆగిపోయాడు. ఆ ఏడు అతణ్ని గెలిపించిన చివరి మాట ‘క్నేడల్’, పాసోవర్ రోజుల్లో సూపులో వేసే ఉండకు యిద్దిష్ పేరు. అతను పోటీ నిఘంటువైన వెబ్‌స్టర్‌లో ఉన్నట్టే చెప్పాడు, కిరీటం దక్కింది.

మర్నాటికే చర్చ మొదలైంది. యీవో ప్రమాణం ప్రకారం ఆ మాటకు స్పెల్లింగ్ వేరు: మధ్యలో ఏఐ బదులు ఈవై, చివర డీ, ఎల్‌ల మధ్య అచ్చే లేదు. ఇళ్లలో, హోటళ్ల మెనూల్లో ఇంకా వేరే రూపాలున్నాయి. కుర్రాడి గెలుపును ఎవరూ తప్పుపట్టలేదు, పట్టడానికి వీల్లేదు కూడా. స్పెల్లింగ్ బీ అడిగేది ఇంగ్లీషు నిఘంటువులో ఆ మాట ఎలా ఉందని. యీవో చెప్పేది యిద్దిష్ అక్షరాలను ఇంగ్లీషులో క్రమంగా ఎలా దించాలని. ప్రశ్నలు రెండు, కాబట్టి రెండు సరైన జవాబులు.

హీబ్రూలోనే తేడా ఉన్న చోట

ఇంగ్లీషు అక్షరాలన్నిటి మీదా ఒప్పందం కుదిరినా తీరని తేడాలు కొన్ని ఉన్నాయి. చెట్లకు కొత్త సంవత్సరంగా జరుపుకునే తూ బిష్వాత్ వాటిలో ఒకటి. హీబ్రూలో అక్షరాలే అంకెలు. తేత్ అంటే 9, వావ్ అంటే 6, కలిపితే 15. షెవాత్ నెల 15వ రోజు అని ఆ పేరుకు అర్థం. 10, 5 కలిపి రాయవచ్చు కానీ ఆ రెండు అక్షరాలు పక్కన పడితే దేవుని నామంలో భాగం అవుతుందని 9, 6 రాస్తారు. వ్యాకరణం ప్రకారం ఇక్కడ ‘బె’, ‘షెవాత్’ కలిసి ‘బిష్వాత్’ అవుతాయి, వరసగా వచ్చిన రెండు పొట్టి అచ్చుల్లో మొదటిది ‘ఇ’గా మారుతుంది. అయినా అమెరికాలో చాలామంది సంధి చేయకుండా ‘బె షెవాత్’ అనే పలుకుతారు, మధ్యలో అపాస్ట్రఫీ పెట్టి రాస్తారు. వాళ్ల స్పెల్లింగ్ వాళ్ల పలుకుబడికి సరిగ్గా సరిపోతుంది. అభ్యంతరం ఉంటే అది ఆ పలుకుబడి మీదే ఉండాలి.

లాగ్ బాఓమెర్ అనే మరో పండుగ కూడా ఇలాంటిదే. లామెద్ 30, గీమెల్ 3, కలిపి 33. పస్కా రెండో రోజు నుంచి లెక్కపెట్టే ఓమెర్ రోజుల్లో 33వది. అష్కెనజీలు ‘బాఓమెర్’ అంటారు, అంటే ఓమెర్‌లో 33వ రోజు. సెఫార్దీలు చాలామంది ‘లాఓమెర్’ అంటారు, అంటే ఓమెర్ లెక్కకు 33వ రోజు. అక్కడ మారింది విభక్తి. ప్రార్థనలో ప్రతి రాత్రీ ఓమెర్ రోజును లెక్కపెట్టి చెప్పే వాక్యంలోనూ ఈ రెండు రూపాలూ ఉన్నాయి, రెంటికీ వందల ఏళ్ల నాటి ప్రార్థన పుస్తకాల ఆధారం ఉంది. ఇంగ్లీషులో రాసేవాడు ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. ఎంచుకున్న క్షణంలోనే ఎవరి ప్రార్థన పుస్తకం తెరిచాడో అందులో తెలిసిపోతుంది.